తాటిపాక గ్యాసు, కోనసీమ మురుగు కాలువలు

తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న చమురుశుద్ధి కేంద్రం 2001లో ప్రారంభమైంది. దాని సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు మాత్రమే. అయితే కోనసీమ సేద్యానికి శిలాజ ఇంధనంతో ఉన్న బంధం ఆ ప్రహరీ లోపల ముగిసేది కాదు. వరికి వేసే యూరియాకు ఆధారమైన అమ్మోనియా మన దేశంలో ప్రధానంగా సహజవాయువు నుంచి తయారవుతుంది. ఆ వాయువులో అధికభాగం మీథేన్. నీరు నిలిచిన వరిమడి విడుదల చేసేదీ మీథేనే. కాబట్టి బావులు మూసి యూరియా వాడకాన్ని యథాతథంగా ఉంచితే ఉద్గారం తగ్గదు, మరో చోటికి మారుతుంది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో పంట విరామం పాటించారు. పెరిగిన పెట్టుబడి, దక్కని మద్దతు ధరతోపాటు పూడిపోయిన మురుగు కాలువలూ నాటి ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. మీథేన్‌ను తగ్గించే తడి-పొడి నీటి యాజమాన్యాన్ని రైతులకు సిఫారసు చేయడం సులభమే. నీరు దిగని చేనును ఆరబెట్టడం ఎలా? దాళ్వాలో వంతులవారీ నీటితో ఇది సాధ్యం. సార్వాలో కాలువ బాగుంటేనే సాధ్యం. (ఆరబెట్టిన మడిలో నత్రజని మోతాదు తగ్గించకపోతే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుందన్న సంగతి కరపత్రాల్లో తరచుగా కనిపించదు. జీలుగ, పిల్లిపెసర పచ్చిరొట్టకు మళ్లీ చోటివ్వడం అందుకే అవసరం.) శంకరగుప్తం డ్రెయిన్ గుండా పోటునీరు ఎగదన్ని కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరితోటలు ఎండిపోవడం చూసినవారికి మురుగు పారుదల కూడా వాతావరణ విధానమేనని వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి డబ్బు ఎక్కడిది? 2015 సవరణతో బొగ్గు, ఇనుప ఖనిజం తవ్వే జిల్లాలకు జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. ఆ చట్టం ఖనిజాల నిర్వచనం నుంచి ఖనిజ తైలాలను మినహాయించడంతో చమురు, గ్యాసు ఇచ్చే కోనసీమకు అటువంటి నిధి దక్కలేదు. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా మరణించారు. ప్రమాదం ఇక్కడిది, రాయల్టీ రాష్ట్ర ఖజానాది. ఇది న్యాయమైన పంపకం కాదు.

బావుల మూసివేతకు ముందే గడువు ప్రకటించి, మిగిలిన ఉత్పత్తిపై ప్రత్యేక రుసుము విధించి, ఆ మొత్తాన్ని డ్రెయిన్ల పూడికతీతకు, సముద్రముఖాల వద్ద తలుపులకు, సౌరశక్తితో నడిచే మురుగు ఎత్తిపోతకు చట్టబద్ధంగా కేటాయించాలి. బావులు వట్టిపోయాక వసూలు చేయడానికి ఏమీ మిగలదు. పంపులు, కవాటాలు, విద్యుత్ పరికరాలు ఎరిగిన కాంట్రాక్టు కార్మికులు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. ఎత్తిపోత కేంద్రాల నియామకాల్లో వారికే తొలి హక్కు ఉండాలి.