పిల్లల గ్లాసులో ఏ నీళ్లు?



నల్గొండ జిల్లా మర్రిగూడ అనగానే శివన్నగూడెం అంశల స్వామి గుర్తొస్తారు. నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే ఫ్లోరోసిస్ ఎముకల్ని వంచేసినా, 2023లో కన్నుమూసేదాకా ఆయన రక్షిత నీటి కోసం కొట్లాడారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు గడపలోకొచ్చాయి.

మరి ఈ సంచిక ఇప్పుడెందుకు? నల్లా రాని రోజు బిందె మళ్లీ బోరు దగ్గరికే పోతుంది. ఆ బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. పాలపళ్లు ఊడి కొత్తవి మచ్చలతో మొలిచాకే బయటపడుతుంది.

ఇందులోని రచనలన్నీ తల్లిదండ్రులనూ, అంగన్‌వాడీ టీచరునూ, బడిలో వండే అమ్మలనూ, పంచాయతీనీ ఒక్కచోట కూర్చోబెడతాయి. తాగడానికే కాదు, పప్పు ఉడకేయడానికీ మంచినీళ్లే కావాలి. ఫ్లోరైడ్ దెబ్బను తట్టుకోవడానికి పిల్లల తిండిలో పాలు, ఆకుకూర, ఉసిరి ఉండాలి. చదివి, మీ ఊరి బడి ట్యాంకు సంగతి మాకు రాయండి.