బెత్తంతో దారికి వస్తారా?

జువైనల్ హోం గోడ దూకి పిల్లలు పారిపోయారనో, లోపల కొట్టుకున్నారనో వార్త వచ్చినప్పుడల్లా మన సంఘాల్లోనూ ఒక మాట వినబడుతుంది: "నాలుగు తగిలిస్తే గాని దారికి రారు." సామెతల గ్రంథంలోని బెత్తాన్ని కొందరు సాక్ష్యంగా తెస్తారు.

చట్టం అలా చెప్పడం లేదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం 82వ సెక్షను ప్రకారం, ఈ హోంలలో క్రమశిక్షణ పేరుతో బిడ్డను కొట్టడం నేరం. మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే 3 నెలల వరకు జైలు. అబ్జర్వేషన్ హోంలో ఉన్న బాలునిపై విచారణ ఇంకా ముగియలేదని కూడా మరువరాదు. తన కేసు ఎప్పుడు తేలుతుందో తెలియక, ఇంటివారు రాక, పగలంతా పని లేక కూర్చున్న పదహారేళ్ల వాడికి చిన్న మాటే పెద్ద గొడవ. అతణ్ణి కొడితే, బలమున్నవాడిదే రాజ్యమని నేర్చుకుంటాడు. రాత్రి ఆ పాఠాన్ని తనకంటే చిన్నవాడి మీద ప్రయోగిస్తాడు.

అలాగని తప్పును చూసీ చూడనట్టు వదలమని కాదు. దెబ్బ తిన్న పిల్లవాణ్ణి ముందు కాపాడాలి. కొట్టినవాడు జరిగింది ఒప్పుకొని సరిదిద్దుకోవాలి. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం 1983లో బూన్‌విల్‌లోని పెద్ద బాలుర సంస్థను మూసివేసి, చిన్న కేంద్రాలవైపు మళ్లింది. అక్కడ పిల్లలు చిన్న బృందాలుగా ఉంటారు, పెద్దలు వెంట ఉంటారు. గొడవ రాజుకుంటే బృందమంతా వలయంగా నిలబడి మాట్లాడుకుంటుంది. దీనికి శిక్షణ పొందిన మనుషులు కావాలి. రాత్రంతా ఒక్క ఉద్యోగికే అందరినీ అప్పగిస్తే, అతనికి మిగిలేది తాళమూ బెత్తమూ మాత్రమే. కాబట్టి ప్రభుత్వాలను మనం అడగవలసింది ఎత్తైన గోడలు కాదు, సరిపడా సిబ్బంది, కౌన్సెలర్లు.

ఒనేసిము ఫిలేమోను ఇంటినుంచి వెళ్లిపోయిన దాసుడు. పౌలు అతని బాకీని దాచలేదు, తన లెక్కలో వేయమన్నాడు. అతణ్ణి సహోదరునిగా చేర్చుకోమని అడిగాడు. బాధ్యత, ప్రేమ అక్కడ కలిసే ఉన్నాయి.

క్రిస్మస్‌కు కేకు పంచి, ఫోటో దిగి రావడం పరిచర్య కాదు. ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టడం 74వ సెక్షను ప్రకారం నేరం కూడా. అధికారుల అనుమతితో ప్రతి వారం వెళ్లి లెక్కలో, కుట్టుపనో నేర్పే ఇద్దరు ముగ్గురు మన సంఘంలో లేరా? అక్కడ అన్ని మతాల పిల్లలుంటారు గనుక, మన ప్రేమే మన సాక్ష్యం కావాలి.

రేపు ఆ కుర్రవాడు విడుదలై మన వీధికే వస్తాడు. ఆదివారం గుడి గుమ్మంలో నిలబడితే, పక్కకు జరిగి చోటిస్తామా?