పిల్లల బొమ్మల పుస్తకాలు - పెద్దల జేబులు

అనకాపల్లి, యలమంచిలి అంగళ్లలోనూ, తీర్థాల్లో వెలసే కొట్లలోనూ పిల్లల చదువు సామాన్లు కొన్న అనుభవంతో ఈ విలేకరి నాలుగు మాటలు చెప్పదలచాడు. బడులు తెరిచేది జూన్‌లో, దుక్కులు దున్నేదీ అప్పుడే. కాబట్టి ప్రతి రూపాయీ లెక్కే.

ముందు పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి నోటు పుస్తకాలు, పెన్సిళ్లు, క్రేయాన్లు, రబ్బర్లు, పటాలు, చార్టులు, గ్లోబులపై జీఎస్టీ పూర్తిగా ఎత్తివేశారు. అంతకు ముందు రబ్బరుపై 5 శాతం, తక్కినవాటిపై 12 శాతం ఉండేది. రంగుల పెట్టె, జామెట్రీ బాక్సులపై మాత్రం 12 నుంచి 5కు తగ్గింది. అంటే పాత పన్నుతో 56 రూపాయలు పలికిన సరుకులో 6 రూపాయలు పన్నే అన్నమాట. ఆ ఆరూ మన చేతికి వస్తున్నాయా, కొట్టులోనే ఆగిపోతున్నాయా? బిల్లు అడిగితేనే తెలుస్తుంది. మనవాళ్లు అడగరు, కొట్టువారు ఇవ్వరు.

ఇక సరుకు. తీర్థంలో దొరికే రంగులు వేసే పుస్తకాల కాగితం ఎంత పల్చనంటే, ఈ పక్క స్కెచ్ పెన్ను గీస్తే ఆ పక్కకు దిగుతుంది. బొమ్మలేమో ఇగ్లూ, జీబ్రా, మంచు మనిషి. తాటిచెట్టు, చెరకు బండి, పీత వెదికినా కానరావు. గోడకు తగిలించే అక్షరాల చార్టుల్లో తెలుగు తప్పులుంటున్నాయి. పసివాడు తప్పునే దిద్దుకుంటాడు కదా! కొనేముందు ఒక్కసారి చదవండి, చదువురాని వారు పక్కవారి చేత చదివించుకోండి. మాట్లాడే పెన్ను పుస్తకం మోజు బ్యాటరీ ఉన్నంతసేపే. మీట నొక్కితే చెరిగిపోయే ఎలక్ట్రానిక్ పలక మీద పిల్ల ఏనుగును గీసి, తండ్రి పొలం నుంచి వచ్చేదాకా దాచలేదు. దానికంటే కాగితమే నయం.

మంచివి లేకపోలేదు. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాల్లో బొమ్మలు నిండుగా ఉంటాయి. ఒకప్పుడు విశాలాంధ్ర అమ్మిన రష్యా బొమ్మల పుస్తకాలను పెద్దవారు ఇంకా తలచుకుంటారు. 1991లో సోవియట్ యూనియనే పోయింది. వాటిలో కొన్నింటిని మంచి పుస్తకం వారు మళ్లీ అచ్చు వేశారు. మన ఊళ్లకు తెప్పించుకోవడమే చిక్కు. 2025 మే 1న తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల వరకు 20, 5 కిలోల వరకు 100 రూపాయలుగా, పన్ను అదనంగా నిర్ణయించారు. నలుగురు కలిసి ఒకే కట్టగా తెప్పించుకుంటే భారం తగ్గుతుంది.

బొమ్మలంటారా, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక మన జిల్లాలోనే ఉంది. అంకుడు కర్ర, లక్క, పసుపు, నీలి, జాఫరా రంగులతో చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ దక్కింది. ఇంత ఉండి, మన తీర్థాల్లో పసిపిల్లలు నోట పెట్టుకునేవి ప్లాస్టిక్ బొమ్మలు!

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా బొమ్మల పుస్తకాలు, పిల్లలు కూర్చుని రంగులు వేసుకునే బల్ల ఏర్పాటు చేయవలసిందిగా అధికారులను కోరుతున్నాం. బీరువాకు తాళం మాత్రం వేయవద్దు.