పొగమంచులో విమానవీక్షణం

విమానాశ్రయపు గోడ వెలుపల నిలబడి, దిగే విమానాల రకాన్నీ, తోకమీది గుర్తునూ, 'వీటీ'తో ఆరంభమయ్యే నమోదు అక్షరాలనూ చిన్న పుస్తకంలో వ్రాసుకొనే యువకులు మన నగరంలోనూ ఉన్నారు. పనిలేనివారి కాలక్షేపమని పెద్దలు తీసిపారవేస్తారు. 'షౌఖ్' అనే మాట విలువ ఎరిగిన మనం అంత తొందరపడనవసరం లేదు.

2008 మార్చి వరకు ఈ వేడుక బేగంపేటలో, ఊరి నడుమనే లభించేది. విమానాలు శంషాబాదుకు తరలిన పిమ్మట దిల్‌సుఖ్‌నగర్ విద్యార్థి ఎల్.బి.నగర్ చేరి పుష్పక్ బస్సు ఎక్కవలసి వస్తున్నది. 2016 మే నెలలో ఆరు ఇంజన్ల ఆంటొనోవ్-225 అక్కడ దిగింది. 2022లో అది ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైంది. ఆనాడు చూచి వ్రాసుకొన్న ఒక్క పంక్తికి ఇప్పుడెంత విలువ!

అయితే అసలైన పాఠం పొగమంచు నాడే. మబ్బులేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని వదలి చల్లబడుతుంది. దానినంటిన తేమగాలి సూక్ష్మమైన నీటిబిందువులవుతుంది. సరూర్‌నగర్ చెరువు ఆవలిగట్టు కనబడని పుష్యమాసపు వేకువను తలచుకోండి. చూపు 1000 మీటర్ల లోపు ఆగితేనే శాస్త్రం దానిని పొగమంచంటుంది. సాధారణ స్థాయి రేడియో సంకేతాలతో దిగే వైమానికుడు సుమారు 200 అడుగుల ఎత్తు వరకు రావచ్చు. అప్పటికీ రన్‌వే గాని, దాని దీపాలు గాని కనబడకుంటే తిరిగి పైకి లేవవలసిందే. గోడ వెలుపలివారికి వినికిడే ఆధారం: దగ్గరయ్యే ధ్వని, హఠాత్తుగా ఇంజన్ల గర్జన, మళ్లీ నిశ్శబ్దం. పుస్తకంలో ఆనాడు అక్షరాలుండవు, వేళలే ఉంటాయి. ఇంతకు మించిన ప్రయోగశాల నాకు తెలియదు (భౌతికశాస్త్ర శాఖవారు మన్నింతురు గాక!).

చిక్కల్లా అనుమానంతోనే. 2001లో గ్రీసులోని కలమాటాలో విమానాల సంఖ్యలు వ్రాసుకొన్న 12 మంది బ్రిటిష్‌వారినీ, ఇద్దరు డచ్చివారినీ గూఢచారులన్నారు. శిక్షలు పడ్డాయి, 2002 నవంబరులో అప్పీలు న్యాయస్థానం నిర్దోషులని విడిచింది. వారికోసం వారి ప్రభుత్వాలు మాట్లాడాయి. మన గల్లీ కుర్రవానికోసం ఎవరు మాట్లాడతారు? 2013 ఫిబ్రవరి ప్రేలుళ్లను చూచిన దిల్‌సుఖ్‌నగర్‌కు భద్రత విలువ ఒకరు చెప్పనక్కరలేదు. కావలివాడు ప్రశ్నించవలసిందే. కాని మొదటి ప్రశ్నకు చెప్పిన పేరును బట్టి రెండవ ప్రశ్న మారరాదు.

టోక్యోలోని హనేదాలో ప్రజలు విమానాలు చూచేందుకు మేడమీద వేదికలున్నాయి. శంషాబాదులోనూ గుర్తింపు చీటీ చూపి విద్యార్థులు నిలబడే చోటొకటి ఉండాలని కోరదాం. ఈలోగా మన పాలకవర్గంవారు ఈ షౌఖ్ గల విద్యార్థులకు కళాశాల ముద్రతో ఒక పరిచయపత్రం ఇప్పించగలరు. వచ్చే పుష్యమాసానికి ముందే ఇప్పించాలని నా మనవి.