ట్రాక్టరు జనరేటరు కొనేముందు కూర్చుండి లెక్క చూచుకొందాము



తుఫాను కాలము వచ్చిందంటే సింగరాయకొండ, ఊళ్లపాలెం, పాకల వైపు ఇండ్లలో కరెంటు సంగతి మాటలోకి రాక తప్పదు. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటి ఒంగోలు ప్రాంతమును వర్షములో ముంచెత్తింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను కూడా బాపట్ల దగ్గరే తీరము దాటింది. గాలి పెరిగినప్పుడు తెగిన తీగెల వలన ప్రాణహాని జరగకూడదని విద్యుత్తు సంస్థవారే ముందుగా సరఫరా ఆపుతారు. స్తంభాలు ఒరిగితే కరెంటు తిరిగి రావడానికి ఒక పూట పట్టవచ్చు, కొన్ని దినములూ పట్టవచ్చు.

ఇటువంటప్పుడు, “అయ్యగారూ, వాకిట్లో ట్రాక్టరు ఉండనే ఉన్నది. దాని వెనుక ఒక డైనమో తగిలించుకుంటే చాలదా?” అని విశ్వాసులు మమ్మును అడుగుతూ ఉంటారు. మేము వాక్యపరిచారకులమే గాని ఇంజనీర్లము కాము. అయినను ఇది ఇంటి ఖర్చుకు, అంతకంటె ముఖ్యముగా మనుష్యుల ప్రాణమునకు సంబంధించిన సంగతి గనుక ఈ నెల దీనినే తీసుకొన్నాము. గోపురము కట్టే మనిషి ముందుగా ఖర్చు చూసుకోవడం గురించి ప్రభువు చెప్పిన ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. ఆయన శిష్యరికము గురించి దానిని చెప్పినా, ఆ బుద్ధి రైతు ఇంటికీ పనికివస్తుంది.

1. మొదట కాగితము మీద లెక్క

ఎదురింటివారు 15 కె.వి.ఎ. కొన్నారని మనమూ 15 కె.వి.ఎ. కొనకూడదు. కరెంటు లేనప్పుడు మన ఇంట్లో ఏవి నడవాలో ఇంటి ఇల్లాలితో కూర్చుని కాగితము మీద వ్రాయండి. ఒక మామూలు ఇంటి లెక్క ఇట్లుంటుంది: 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు 8 అయితే 72 వాట్లు. ఫ్యాన్లు 4, ఒక్కొక్కటి 75 చొప్పున 300. ఫ్రిజ్ సుమారు 200, టీవీ 100, నాలుగు ఫోన్ల ఛార్జింగ్ మరి కొంచెము. మొత్తము 700 వాట్లు. ట్యాంకుకు నీళ్లు ఎక్కించే 1 హెచ్.పి. మోటారు ఉంటే మరి 1000 వాట్లు కలపండి. అంతా కలిసి 1700.

అయితే మోటారు కదిలే ఆ ఒక్క క్షణములో మామూలు కంటె కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. అందుచేత 1700 వాట్లకు 2 కె.వి.ఎ. చాలదు. 5 కె.వి.ఎ. ఆల్టర్నేటరు దాదాపు 4000 వాట్లు ఇవ్వగలదు. మోటారును ముందుగా వేసి, అది కుదురుకున్న తరువాత ఫ్రిజ్, ఫ్యాన్లు వేసుకుంటే సాధారణ కుటుంబమునకు 5 కె.వి.ఎ. సరిపోతుంది.

బోరులోని 5 హెచ్.పి. త్రీఫేజు మోటారు నడపాలంటే సంగతి వేరు. దానికి 15 కె.వి.ఎ. వరకు కావలసివస్తుంది. రొయ్యల చెరువులున్నవారు ఏరేటర్ల లెక్క వేరుగా వేసుకోవాలి. అక్కడ ప్రాణవాయువు అందక కొన్ని గంటలలోనే పంట అంతా పోవచ్చు గనుక, ఉన్న ఒక్క ట్రాక్టరునే నమ్ముకొనక, ప్రత్యేకముగా డీజిల్ జనరేటరు సిద్ధముగా ఉంచుకోవడం మేలు.

2. డీజిల్ ఎక్కడికి పోతుంది?

ఇది చాలామంది చూడని లెక్క. నలభై హెచ్.పి. ట్రాక్టరు జనరేటరు వేగములో తిరుగుతుంటే, లోడు తక్కువగా ఉన్నా గంటకు దరిదాపు 2 లీటర్లు తాగుతుంది. నాలుగు ఫ్యాన్లు, ఒక టీవీ, ఒక ఫ్రిజ్ కోసం దానిని నడిపితే గంటకు మనకు వచ్చేది యూనిట్‌లో మూడు వంతులకు లోపే. అంటే ఒక్క యూనిట్ కరెంటుకు రెండు వందల యాభై రూపాయలు దాటి ఖర్చు! అదే జనరేటరును నిండు లోడుతో నడిపి గంటకు 4 యూనిట్లు తీసుకుంటే, 3 లీటర్లు పోయినా యూనిట్ ఖరీదు మూడవ వంతుకు పడిపోతుంది.

కాబట్టి రోజుకు ఒకటి రెండు గంటలు మాత్రమే కరెంటు పోయే ఇంటికి ట్రాక్టరు జనరేటరు అక్కరలేదు. ఒక ఇన్వర్టరు, 150 ఎ.హెచ్. బ్యాటరీ ఉంటే లైట్లు, రెండు మూడు ఫ్యాన్లు నాలుగైదు గంటలు నడుస్తాయి. తుఫాను దినములలో రెండూ కలిసి ఉంటే మరీ మంచిది. సాయంత్రము ట్రాక్టరును రెండు గంటలు తిప్పి, ఆ రెండు గంటలలోనే ట్యాంకు నింపుకోవడం, ఫ్రిజ్ చల్లబరచుకోవడం, మిక్సీ పని ముగించడం, బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టడం చేయండి. రాత్రికి ఇన్వర్టరు చూసుకుంటుంది. దినమునకు ఆరు లీటర్ల డీజిల్‌తో గడుస్తుంది. రాత్రంతా ట్రాక్టరు మోగుతుంటే ఖర్చుకు ఖర్చు, ఇరుగుపొరుగు నిద్రకు చేటు.

3. కొనేటప్పుడు చూడవలసినవి

మన ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 సైకిల్స్. సాధారణముగా దొరికే ఆల్టర్నేటరు నిమిషమునకు 1500 చుట్లు తిరిగితేనే 50 సైకిల్స్ ఇస్తుంది. ట్రాక్టరు వెనుక పి.టి.ఓ. షాఫ్టు తిరిగేది 540 చుట్లు. ఈ రెంటినీ కలిపేది గేరుపెట్టె గాని, బెల్టు, పుల్లీలు గాని. బెల్టు చౌక, కాని జారుతుంది, సాగుతుంది. గేరుపెట్టె ఖరీదైనా వేగము నిలకడగా ఉంటుంది.

పి.టి.ఓ. 540 నుండి 500కు తగ్గితే 50 సైకిల్స్ కాస్తా 46కు దిగుతుంది. మోటార్లు, ఫ్రిజ్ కంప్రెసరు వేడెక్కుతాయి. అందుకే వోల్టేజి మీటరు ఒక్కటే కాదు, సైకిల్స్ చూపే మీటరు కూడా ఉన్న పానెల్‌నే అడగండి. ప్రతి ట్రాక్టరులోను ఇంజను ఏ వేగములో ఉంటే పి.టి.ఓ. 540 వస్తుందో కంపెనీవారి పుస్తకములో వ్రాసి ఉంటుంది.

ఒక్కొక్క కిలోవాటుకు రెండు హెచ్.పి. చొప్పున లెక్క పెట్టుకోండి. 15 కె.వి.ఎ. అంటే 12 కిలోవాట్లు, దానికి 24 హెచ్.పి. కావాలి. 35 హెచ్.పి. ట్రాక్టరు దానిని మోయగలదు. అంతకు మించి ఆశపడకండి.

త్రీఫేజు జనరేటరు కొనేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. 15 కె.వి.ఎ. త్రీఫేజులో ఒక్కొక్క ఫేజుకు వచ్చేది 5 మాత్రమే. ఇంటి లోడంతా ఒకే ఫేజు మీద వేస్తే అది కాలిపోతుంది. బోరు మోటారు లేని ఇంటికి సింగిల్ ఫేజే హాయి. వైండింగ్ రాగిదో అల్యూమినియముదో అడిగి, బిల్లు మీద వ్రాయించుకోండి. బ్రష్షులు లేని రకమైతే మరమ్మతు తక్కువ. కొనేముందు దుకాణము దగ్గరే మోటారు తగిలించి, లోడు మీద నడిపించి చూడండి. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పుపడుతుంది గనుక పని లేనప్పుడు కప్పి ఉంచి, నెలకొకసారి కొంతసేపు తిప్పండి. ఆ గంటలు కూడా ఇంజనుకు పని గంటలే. ఆయిలు మార్చే లెక్కలో వాటిని కలపండి.

4. చీరకొంగు, లుంగీ

540 చుట్లు అంటే సెకనుకు 9 చుట్లు. చీరకొంగు కొస గాని లుంగీ అంచు గాని తిరిగే షాఫ్టుకు తగిలితే, మనిషి కేక వేసేలోపే బట్టతో పాటు చేయి కూడా చుట్టుకుపోతుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేనిదే ట్రాక్టరు స్టార్టు చేయవద్దు. తిరుగుతున్న షాఫ్టును ఎవరూ దాటకూడదు. పిల్లలను ఆ దరికి రానివ్వకండి. చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. వాన పడుతున్నదని గొడ్లచావిడిలోనో మూసిన షెడ్డులోనో ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణము తీస్తుంది. జనరేటరు బాడీకి ఎర్తు తప్పనిసరి.

5. స్తంభము మీద ఉన్నవాడు మన పొరుగువాడు

ఇక్కడ చెప్పబోయేది పై వాటన్నిటికంటె ముఖ్యము. కొందరు రెండు కొనలకూ పిన్నులున్న వైరు తయారుచేసి, జనరేటరు కరెంటును ఇంటిలోని సాకెట్‌లో గుచ్చుతారు. మెయిన్ ఆపితే చాలు అనుకుంటారు. చీకటిలో, హడావుడిలో ఆ మెయిన్ ఆపడం మరచిపోతే ఏమి జరుగుతుంది? మన ఇంటి 230 వోల్టులు సర్వీసు తీగె మీదుగా వెనుకకు నడిచి ట్రాన్స్‌ఫార్మరుకు చేరుతాయి. 11,000 వోల్టులను మన ఇంటికి తగినట్టు తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మరే, కరెంటు ఎదురు దిక్కున వస్తే దానిని వేల వోల్టులకు పెంచుతుంది. లైను ఆపి ఉన్నదని నమ్మి స్తంభము ఎక్కిన లైన్‌మన్ ఆ తీగెను పట్టుకొంటాడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమును కొట్టినప్పుడు లైన్లు నిలబెట్టడానికి ఇతర జిల్లాల నుండి కూడా సిబ్బంది వచ్చారు. అట్లా వచ్చినవారికి ఏ ఇంట్లో జనరేటరు ఉన్నదో ఎలా తెలుస్తుంది? పైకప్పు మీద సోలారు పలకలు ఉన్నవారు గమనించే ఉంటారు. బ్యాటరీ లేని సోలారు, బయట కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. అది లోపము కాదు, లైను మీద పనిచేసే మనిషి ప్రాణము కోసం చేసిన ఏర్పాటు. యంత్రమే ఆ జాగ్రత్త తీసుకొంటుంటే, విశ్వాసి తీసుకోవద్దా?

దీనికి మందు చేంజోవర్ స్విచ్. దాని పిడి ఒక వైపు ఉంటే లైను కరెంటు, మరొక వైపు ఉంటే జనరేటరు. రెండూ ఒకేసారి కలవడానికి వీలే లేదు. ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా మారేటట్టు, సింగిల్ ఫేజుకు రెండు పోళ్లది, త్రీఫేజుకు నాలుగు పోళ్లది, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. మీ ఊరి లైన్‌మన్‌కు, “మా ఇంట్లో జనరేటరు ఉన్నది” అని ఒక మాట చెప్పి ఉంచండి. జనరేటరుకు డబ్బు ఉండి చేంజోవర్‌కు లేదనేవారితో మేము చెప్పేది ఒక్కటే: అది కొనేవరకు జనరేటరు కొనకండి.

నా పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగాడు. తుఫాను రాత్రి ఆ ప్రశ్నకు జవాబు మన వీధి స్తంభము మీద ఉంటుంది.

పొరుగువాడు స్తంభము మీదనే కాదు, గోడ అవతల కూడా ఉన్నాడు. 1876–78 నాటి కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో ఒక భాగము కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించారు. తన చేతనైన పనిని పదిమందికి అన్నముగా మార్చారు. ట్రాక్టరు ఉన్న ఇల్లు తుఫాను వేళ అటువంటిదే. ఆ రెండు గంటలలో పక్కింటి విధవరాలి ఫోనుకు ఛార్జింగ్ పెట్టండి, వాడకట్టుకు నాలుగు బిందెల నీళ్లు తోడివ్వండి, పసిబిడ్డ ఉన్న ఇంటికి దీపమివ్వండి. డీజిల్ ఎట్లాగూ కాలుతున్నది. లోడు పెరిగితే ఖర్చు కలిసివస్తుందని పైన లెక్కలో చూశాము గదా!

ప్రభువు మీ ఇండ్లను, మీ చేలను, మీ వీధిలో పనిచేసే ప్రతి మనిషిని కాపాడును గాక. ఆమేన్.