మేక కనిపించింది, కాటా కనిపించలేదు

ఈ మధ్య ఒక చిత్రకళా ప్రదర్శన ఎంపిక సంఘం పాడేరు ప్రాంతపు గిరిజన యువకుడి సంత బొమ్మలను తిప్పి పంపింది. ముచ్చటగా ఉన్నాయి గానీ లోతు లేదట. ఆటో టాపు మీద దర్జాగా కూర్చున్న మేక, పసుపు కావడి తగిలి ఎగిరిపడ్డ కోడిపుంజు, జీలుగు కల్లు కుండ చుట్టూ ముసలాళ్ళు. చూస్తే నవ్వొస్తుంది. నవ్వించే బొమ్మకు లోతుండదని ఎవరు తేల్చారు?

సిద్దిపేటలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసిన కాపు రాజయ్య (1925–2012) బోనాలెత్తిన ఆడవాళ్ళను, ఎల్లమ్మ జోగిని, వడ్డెర స్త్రీని, కోలాటాన్ని గీశారు. ఆయన గీతకు బలం చేర్యాల నకాశీ పటాల నుంచి వచ్చింది. ఆ పటాలేమో కులపురాణం చెప్పే కథకుడు జనం మధ్య విప్పి చూపేవి. కథ ముగిసేదాకా ఊరిని కూర్చోబెట్టాలంటే బొమ్మ కవ్వించాలి, కన్ను మరల్చనివ్వకూడదు. రాజయ్య ఆ చమత్కారాన్ని వదులుకోలేదు, ఊరినీ వదల్లేదు.

ఇక సవర గిరిజనుల గోడబొమ్మలు చూడండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. చనిపోయిన పెద్దలకోసం, రోగం తెచ్చిన దేవతను శాంతింపజేయడం కోసం వేస్తారు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ నమోదు చేసిన వాటిలో గుర్రాలు, ఏనుగులతో పాటు రైలూ సైకిలూ విమానమూ ఉన్నాయి. ఇంట్లో జబ్బుమనిషి మూలుగుతుండగా వేసే బొమ్మలో విమానం! అంతటి గంభీరమైన వేళ కూడా ఆ చేతికి చిలిపితనం తప్పుగా తోచలేదు.

పల్లెను ముద్దుగా చూపితే దాని ఆకలి మరుగున పడుతుందనే అభ్యంతరం ఉంది. వచ్చి చూసిపోయే చిత్రకారుడి విషయంలో అది నిజమే.

ఈ పాడేరు కుర్రాడు చూసిపోయేవాడు కాడు. మేక బొమ్మలో ఎడమ మూలన షావుకారు కాటా ఉంది, ముల్లు ఒక పక్కకు వాలి ఉంది. దాని ముందు పిప్పళ్ళ మూట దించిన ముసలమ్మ షావుకారు వేళ్ళనే చూస్తోంది. ఆ వాలిన ముల్లు వెనక ఎంత చరిత్ర ఉందో మన్యంలో అందరికీ తెలుసు. దళారుల దోపిడీ నుంచి గిరిజనుణ్ణి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఎంపిక సంఘం వారికి మేక కనిపించింది, కాటా కనిపించలేదు. లోతు లేనిది బొమ్మకా?

థింసా నృత్యం చేసే గిరిజన ఆడవాళ్ళందరికీ ఒకే ముఖం అతికించిన బొమ్మలు హోటళ్ళ గోడలనిండా ఉన్నాయి. వాటిని లోతెంతని ఎవరూ అడగరు. కొండమనిషి బొమ్మలో నిలబడి ఉన్నంతకాలం అందరికీ ఇష్టుడే. వాడే కుంచె పట్టి తన సంతను తన నవ్వుతో గీస్తే మాత్రం పరీక్షలు మొదలవుతాయి. ఈ వివక్షను కళాభిరుచి పేరుతో చెలామణి చేయడాన్ని మేము ఒప్పుకోం. ఎంపిక సంఘాల్లో సంత ఎరిగినవాళ్ళు, కొండభాషల్లో పెరిగినవాళ్ళు కూర్చోవాలి. అప్పటిదాకా ఆ తీర్పులకు మా దృష్టిలో విలువ లేదు.

వచ్చే సంచిక మధ్యపుటలన్నీ ఆ సంత బొమ్మలకే కేటాయిస్తున్నాం, రంగుల్లో, చిత్రకారుడు కోరిన పరిమాణంలో.