రాడ్డుకు ధర కట్టండి

కూలోడికి ఎముకే పెట్టుబడి. ఉద్దానంలో కొబ్బరిచెట్టు మీంచి జారినా, పూండి రోడ్డులో మోటారు సైకిలు గుద్దినా, తొడ ఎముక విరిగిందంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకే మేం అంటున్నాం: చిన్న కోతతో రాడ్డు వేసే ఆపరేషన్ డబ్బున్నోళ్ల సోకు కాదు. ముందు కావలసింది కూలోడికే.

ఆ పని ఎలా జరుగుతుందో మన పేటల్లో ఎవరూ చెప్పరు. విరిగినచోట కండంతా కోసి తెరవరు. తుంటి దగ్గరో మోకాలి దగ్గరో చిన్న గాటు పెట్టి, ఎముక లోపలి బోలులోకి రాడ్డు దించుతారు. సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ పైనా కిందా మరలు బిగిస్తారు. చీము పట్టే భయం తగ్గుతుంది. కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి మంచాన పడి ఉండక్కర్లేదు.

ఇదేమన్నా నిన్న పుట్టిన విద్యా? 1939లోనే జర్మనీలో కుంట్షర్ అనే డాక్టరు ఇలా రాడ్డు దించాడు. ఆ పాత రాడ్డు మీద ఇవాళ ఎవరికీ పేటెంటు లేదు. కొత్తరకం పరికరానికైనా మన దేశంలో పేటెంటు 20 ఏళ్లే. ఆపరేషన్ చేసే పద్ధతికైతే 1970 పేటెంటు చట్టం అసలు పేటెంటే ఇవ్వనంటుంది. అంటే చేతివిద్య అందరిదీ, లోహపు ముక్క మాత్రం కంపెనీది! (స్టీలో టైటానియమో లెండి. బిల్లులో మాత్రం బంగారం.)

2017 ఫిబ్రవరిలో గుండె స్టెంటుకు ప్రభుత్వం ధర కట్టింది. మందు పూసినదానికి 29,600 రూపాయలు. ఆగస్టులో మోకీలు మార్పిడికీ కట్టింది. విరిగిన ఎముకకు వేసే రాడ్డుకూ ప్లేటుకూ ఆ ఉత్తర్వుల్లో చోటే లేదు. 2020 నుంచి పరికరాల ధర ఏడాదికి 10 శాతం మించి పెంచొద్దన్నారు. ముందే ఆకాశాన ఉన్న ధరకి పది శాతం అడ్డుకట్ట వేస్తే ఎవరికి ఉపకారం? కాలు విరిగేది ఎక్కువగా కూలోడికని కాబోలు ఈ నిర్లక్ష్యం.

కుదరదని చెప్పకండి. అమెరికాలో జర్కిల్ అనే ఎముకల డాక్టరు 1999లో పెట్టిన సైన్ సంస్థ, సి-ఆర్మ్ లేకుండానే వేయగల రాడ్డు తయారుచేసి బీద దేశాల ఆసుపత్రులకు ఉచితంగా ఇస్తోంది. మేం దానం అడగడం లేదు. ధర కట్టమంటున్నాం.

సంఘం వాళ్లకో పని. ఎవరికి రాడ్డు వేసినా కంపెనీ పేరు, ఎమ్మార్పీ బిల్లులో విడిగా రాయించండి. ప్యాకెట్టు మీద స్టిక్కరు అడిగి తీసుకోండి. ఆ కాగితాలు ఊరూరా పోగెయ్యండి. ఇంకో మాట, నాటుకట్టు కట్టించుకుని నొప్పిబిళ్లలు నెలలకొద్దీ మింగొద్దని ఇంటింటికీ చెప్పండి. అసలే మనవి కిడ్నీలు పోతున్న ఊళ్లు.

పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉద్దానం ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటే వచ్చింది. ఎముకల కోసం కూడా అడుగుదాం: పలాసలో, టెక్కలిలో సర్కారు ఆసుపత్రిలోనే సి-ఆర్మ్, రాడ్డు, వేసే డాక్టరు, మూడూ ఒకేచోట, ఒకే రోజున దొరకాలి.